అగ్నికి లొంగని నేత
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ పల్లెకు దీపమై వెలుగుచున్న గ్రంథాలయపు పండుగనాడు నన్ను కూడ మాటలాడుమని పెద్దలు కోరినారు. దీపమును కొనియాడువారు పలువురు గలరు. నేను నేతవారి యింట పుట్టినవాడను గనుక, నిప్పుచెంత నిలిచి పనిచేయువాని బట్టను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మన సీమ నిప్పుతో బ్రతుకు సీమ. ఇచ్చటి సింగరేణి గ్రామము పేరనే బొగ్గుగనుల సంస్థ వెలసినది. ఇల్లెందు ప్రాంతమున 1889లో త్రవ్వకము లారంభమైనవి. పాల్వంచలో ఆ బొగ్గును మండించి విద్యుత్తును పుట్టించుచున్నారు. ఇటు కిన్నెరసాని మొదలు భద్రాచలము వరకు టేకు, ఇప్ప, తునికి చెట్ల యడవి. ఆకు రాలి యెండిన దినములలో ఇప్పపూవు ఏరుకొనుటకై చెట్టుక్రింద చెత్తను కాల్చుట కొందరి యలవాటు. ఆ చిన్న మంట గాలికి చెలరేగి యడవిని పట్టుకొన్నప్పుడు, పచ్చికొమ్మలు చేతబట్టి యెదురేగువారు అటవీ కాపలాదారులును, గూడెముల యువకులును. వారి యొంటిమీద నున్న బట్ట యెట్టిది? ఇదియే నేటి నా ప్రశ్న.

బట్ట మండుట యనగా నేమి? వేడి తగులగా దారమునుండి మండెడి ఆవిరులు వెలువడును. జ్వాలగా కనబడునవి అవియే. గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 పాళ్లు గలదు. నూలుబట్టకు 18 పాళ్లున్న చాలును, మండుచునే యుండును. ఉన్నికి 25 పాళ్లు కావలెను. కావుననే మంటనుండి తొలగించినంతనే అది సాధారణముగా ఆరిపోవును. పాలియెస్టరు తీరు వేరు. అది సుమారు 260 డిగ్రీల వేడికి కరగి, చర్మమున కంటుకొని, ఆ వేడిని లోపలికి దింపును. ముడుత పడదని మెచ్చి కొన్న బట్టయే అప్పుడు శత్రువగును.

ఇక నేత సంగతి. పలుచగా, వదులుగా నేసిన గుడ్డలో గాలి యాడును. మంట వేగముగ ప్రాకును. నూగు లేచిన గుడ్డ మరింత వేగముగ అంటుకొనును. బిగువుగా, బరువుగా నేసినది మెల్లగా కాలును. జీనుగుడ్డను చూచినవారికి ఏటవాలు నేత తెలియును. అందు పడుగు పేకలు ప్రతి పోగునకును ముడిపడవు గనుక, పోగులను దగ్గరగా చేర్చవచ్చును. గుడ్డ దిట్టమై యుండియు మెత్తగా వంగును. రక్షణ వస్త్రములలో ఈ నేత విరివిగా కనబడుట కిదియే కారణము.

అయినను నేత మంటను ఆలస్యము చేయగలదే కాని నూలు స్వభావమును మార్చజాలదు. దానికి రసాయనము తోడు కావలెను. 1821లోనే గే లుస్సాక్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అమ్మోనియా ఫాస్ఫేటు, వెలిగారము మొదలగు లవణములతో బట్టను మంటకు లొంగకుండ చేయవచ్చునని చూపెను. కాని యవి నీటిలో కరగి ఉతుకునకు పోవును. తరువాతివారు భాస్వర సమ్మేళనములను నూలుపోగు లోపలనే గట్టిపడునట్లు చేసిరి. అట్టి నూలు వేడికి మండెడి ఆవిరులను తక్కువగా విడిచి, బొగ్గుగా మారి, మంటకు అడ్డుగా నిలుచును. మరియొక మార్గము, స్వభావముచేతనే మంటను సహించు దారమును నేయుట. 1960 తరువాత వచ్చిన నోమెక్సు అట్టిది. దానిని 93 పాళ్లు, కెవ్లారు 5 పాళ్లు, విద్యుత్తును నిలువనీయని దారము 2 పాళ్లు కలిపి నేసిన గుడ్డ లోకమున ప్రసిద్ధము. ఆ కొద్దిపాటి కెవ్లారు మంటలో గుడ్డ పిగిలిపోకుండ కాచును.

ఇంత తెలిసినను మన చిక్కు తీరలేదు. పట్టణములలో అగ్నిమాపకుల కోటు మూడు పొరలది. దానిని తొడిగి, 45 డిగ్రీల యెండలో, మన గుట్టలమీద జాములకొలది పనిచేయు మనిషి మంటకు చిక్కకపోయినను వడదెబ్బకు కూలును. అందుచేతనే అడవిమంటల నార్పువారికి ఇతర దేశములలోను తేలికైన ఒంటిపొర దుస్తులనే యిత్తురు. చెమటను పీల్చుటలో నూలుకు సాటి తక్కువ. ప్రత్తి మన జిల్లా పంట. శుద్ధి చేసిన నూలుతో, బిగువైన ఏటవాలు నేతతో, వదులైన కుట్టుతో చేసిన వస్త్రము మన యడవికి తగినదని నా యభిప్రాయము. కుట్టు దారముకూడ మంటకు ఓర్చునదై యుండవలెను; లేనియెడల గుడ్డ నిలిచియు కుట్టు విడిపోవును.

దాని నడపుటయందును శ్రద్ధ వలయును. చలువ చేయు క్లోరిను పొడి తగులరాదు. ఉప్పునీటిలో సబ్బుతో ఉతికిన సున్నపు మడ్డి పోగుల నంటుకొని తానే మండును. నూనె మరకయు నంతే. ఇట్టి వస్త్రము అగ్నిలో నడిచిపోవుటకు కాదు, తప్పించుకొనుటకు కొన్ని క్షణముల గడువిచ్చుటకు మాత్రమే యని మరువరాదు.

అట్టి వస్త్రము అందువరకు ఏమి చేయవలెను? నిప్పుదగ్గర పనికి నైలాను, పాలియెస్టరు విడువుడు. పొడుగు చేతుల దిట్టమైన నూలుబట్ట కట్టుడు. లోపలి బనీనుకూడ నూలుదే కావలెను. అది మండదని కాదు, కరగి ఒంటి నంటదని చెప్పుచున్నాను. గృహిణులకును పొయ్యియొద్ద ఇదే నా విన్నపము.

మగ్గమెరిగిన చేతులు, ప్రత్తి పండించు నేల, మంట నెదిరించు గుండె, ఈ మూడును మనకు గలవు. వీనిని కలుపునది చదువు. ఆ చదువును మన వాకిటికి తెచ్చిన ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును చేసికొనునాటికి, మన యడవి కాపలాదారు తగిన వస్త్రము ధరించి ఈ సభలో కూర్చుండవలెనని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.