ఒక్క అక్షరపు మార్పు



జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్టులో, వేరుశనగ రాసుల నడుమ ఒక అడ్తి దుకాణంలో, పెద్దాయన ఒకరు నన్ను అడిగినారు: "మా తమ్మునికి ఆపరేషన్ అయినంక శానాసేపు ఊపిరి రాలే సార్. ఇది మా రక్తదోషమా?"

ఆ ఇంటి సంగతి రక్తపరీక్ష తేల్చవలసినదే గాని, ఇటువంటి అనుభవం వెనుక ఒక్క అక్షరపు మార్పు ఉండటం కద్దు. శస్త్రచికిత్స వేళ కండరాలను సడలించడానికి ఇచ్చే మందులలో సక్సినైల్‌కోలిన్ ఒకటి. రక్తంలోని బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని కొద్ది నిమిషాలలో విరిచివేస్తుంది. ఆ ఎంజైము కొరవడినవారికి గంటల తరబడి యంత్రంతో శ్వాస ఆడించవలసి వస్తుంది. వైశ్యులలో ఈ లోపం ఇతరులలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 2006లో ప్రకటితమైన పరిశోధన అందుకు కారణం చూపినది: ప్రోటీను గొలుసులో 307వ స్థానాన ల్యూసిన్ ఉండవలసిన చోట ప్రోలిన్ చేరినది. కొద్దిమంది పూర్వుల సంతతి తరతరాలుగా తమలో తామే వియ్యమందుకొన్నచోట ఇట్టి మార్పులు నిలిచిపోతవి. ఇది ఒక్కరి కథ కాదు. హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్ ప్రభృతులు 2017లో 263 వర్గాలను పరిశీలించగా, 81 వర్గాలలో ఈ లక్షణం ఫిన్లాండు ప్రజలలో కన్నా బలంగా కనిపించినది.

మరి కొత్తగా దొరికిన మార్పు హానికరమా, కాదా? ప్రతిదానినీ ప్రయోగశాలలో పరీక్షించడం అసాధ్యం. అందుకే గణనయంత్రం. తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు ప్రతులన్నిటినీ ప్రక్కప్రక్కన పెట్టుకొని చూస్తాడు గదా; అన్ని ప్రతులలో ఒకే అక్షరం ఉన్నచోట దానిని కదిలించడానికి జంకుతాడు. 2001లో వెలువడిన సిఫ్ట్ పద్ధతి ఇదే చేస్తుంది. పలు జీవుల ప్రోటీనులను సరిపోల్చి, కోటానుకోట్ల సంవత్సరాలలో మారని స్థానంలో మార్పు వస్తే ప్రమాదమంటుంది. పాలీఫెన్ ప్రోటీను ఆకృతిని కూడ లెక్కలోకి తీసుకుంటుంది. ప్రోలిన్ గొలుసును వంచగలదు గనుక అటువంటి చేరిక దానికి అనుమానాస్పదమే. 2023లో వచ్చిన ఆల్ఫామిస్సెన్స్ మానవ ప్రోటీనులలో సాధ్యమైన 7 కోట్ల 10 లక్షల మార్పులను తూచి, 32 శాతం హానికరం కావచ్చుననీ, 57 శాతం నిరపాయం కావచ్చుననీ అన్నది. తక్కినవి సందిగ్ధం.

అయితే యంత్రం తూచేది ప్రోటీనుకు కలిగే హానిని, మనిషికి కలిగే హానిని కాదు. బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ లేనివాడు నూరేళ్ళు బస్తాలు తూకం వేయించుకొంటూ హాయిగా బ్రతకవచ్చు. ఆ మందు సూది పడనంతవరకు ఏమీ కాదు. యంత్రం మాట విని అతనిని రోగి అనడం పొరపాటు. వినకుండా బల్లమీద పడుకోబెట్టడం అంతకంటె పొరపాటు. ఎంజైము పరిమాణం రక్తపరీక్షలో తెలుస్తుంది. ముందే తెలిస్తే మత్తువైద్యుడు వేరొక మందు ఎంచుకొంటాడు.

పెద్దాయన ఇవన్నీ విని, చిట్టా పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఆ మందు పేరు వ్రాసి ఇమ్మన్నారు. తెలుగులోనే వ్రాసి ఇచ్చినాను.