బొమ్మలో కొలత ఎంత, ఊహ ఎంత?

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, ఎండ ముదరకముందే నా మనసులో మాట చెప్పేయాలి.

నేను భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి. అంకెల్ని త్రీడీ బొమ్మలుగా మలచడమే నా ఉద్యోగం. బోరు లోతులు, వాన లెక్కలు, గాలి వేగాలు, మామిడి ధరలు, అన్నీ నా తెర మీద కొండలూ లోయలూ అయ్యాయి. తలకు హెడ్‌సెట్ తగిలించుకుని ఆ కొండల మధ్య నడిచాను కూడా. ఈ పని నాకు అన్నం పెట్టింది. దానికంటే ఎక్కువగా, లోకాన్ని చూసే కన్ను ఇచ్చింది.

మన కార్వేటినగరానికి దగ్గర్లోనే గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1024 ఏంటెనాలు 32 వరసల్లో ఆకాశం వైపు చూస్తూ ఉంటాయి. 53 మెగాహెర్ట్జ్ తరంగాల్ని పైకి పంపి, గాలి కదలికల నుంచి తిరిగొచ్చే బలహీనమైన ప్రతిధ్వనుల్ని పట్టుకుంటాయి. తరంగాల్ని ఒకసారి నిట్టనిలువుగా, ఆపైన నాలుగు దిక్కులకూ కొద్దిగా వంచి పంపుతారు. ఆ కొలతలన్నీ కలిపితే ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో తెలుస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో కింద గాలి పడమటి నుంచి వస్తుంటే, సుమారు 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి ఉధృతమైన గాలి పరుగెడుతుంది. గాలి దిక్కు మారే ఈ మలుపును పట్టికల్లో వెతికితే కళ్లు నొప్పి పుడతాయి. ఎత్తునూ దిక్కునూ కాలాన్నీ కలిపి తెర మీద నిలబెడితే ఆ మలుపు చూడగానే దొరుకుతుంది. త్రీడీ బొమ్మ గొప్పతనం అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతికి వస్తాను. దీనిమీద కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

కొలిచింది కొంతే. బొమ్మలో కనిపించేది మొత్తం. మధ్యలో ఉన్న ఖాళీని కంప్యూటరు నింపుతుంది. దగ్గరి కొలతకు ఎక్కువ తూకం, దూరపు కొలతకు తక్కువ తూకం వేసి నున్నగా పూత పూస్తుంది. మీరు పరీక్షలో రాసిన ఇంటర్‌పొలేషన్ ఇదే. పరీక్షలో దానికి మార్కులొస్తాయి. పొలంలో దానికి అప్పులొస్తాయి.

ఈ కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెలోనే ఒక రైతు దగ్గరికి వెళ్లాను. ఒక సంస్థ తయారుచేసిన భూగర్భజలాల త్రీడీ నమూనా నా ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆయన తోట కింద పరుపు పరిచినట్టు నీలం రంగు. ఆయన కళ్లు చికిలించి చూసి, "ఈ నీలమంతా నీళ్లేనా సార్? మరి ఆ చెట్టు కాడ ఏసిన బోరులో దుమ్ము లేచిందే! ఈ గట్టు పక్కన ఏసింది మాత్రం పారతా ఉండాది" అన్నాడు. రెండు బోర్ల మధ్యా గట్టిగా పిలిస్తే పలికేంత దూరం.

అక్కడే కూర్చుని ఆ నమూనాలోంచి నీలం పూత తీసేశాను. నిజంగా కొలిచిన బావుల్ని మాత్రమే చూపించమన్నాను. తెర మీద అక్కడొకటి, ఇక్కడొకటి చుక్కలు మిగిలాయి. ఆ ఊళ్లో ఒక్క చుక్క కూడా లేదు.

మన జిల్లాలో చాలా చోట్ల కింద ఉన్నది గట్టి రాయి. పైన శిథిలమైన పొరలో కొంత నీరు నిలుస్తుంది. ఆ కింద రాతి పగుళ్లలోనే నీరు. పగులు తగిలితే బోరు పారుతుంది, తప్పితే దుమ్ము. అలాంటి నేలకు నున్నటి నీటి పొరను గీయడం అంటే లేని నీళ్లను చూపించడమే. ఆ బొమ్మను నమ్మి బోరు వేస్తే ఇంట్లో ఆడబిడ్డ మెడలో నగ కుదువకు పోతుంది. బొమ్మ గీసినవాడికి మాత్రం జీతం ఠంచనుగా అందుతుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇంకొకటి వినండి. 2005లో శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1 ఉపగ్రహం రెండు కెమెరాలతో ఒకే నేలను రెండు కోణాల్లో తీసింది. ఆ జంట చిత్రాల నుంచి నేల ఎత్తుపల్లాలు లెక్కగట్టారు. ఇస్రో 2009లో తెచ్చిన భువన్ వెబ్‌సైట్‌లో ఆ ఎత్తుల సమాచారం 30 మీటర్ల గళ్లలో ఎవరికైనా దొరుకుతుంది. అద్భుతమైన సంపద, వాడుకోండి. కానీ మన చెరువు కట్ట పైభాగం వెడల్పు ఎంత? కాలువ వెడల్పు ఎంత? 30 మీటర్ల గడిలో కట్ట ఎత్తు పక్క నేలతో కలిసి సగటైపోతుంది. సన్నటి కాలువ మాయమవుతుంది. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. ఆ రాత్రుల్లో జనం ప్రాణాలు ఆధారపడింది ఆ కట్ట మీదే. కట్ట లేని బొమ్మ మీద వరద లెక్క వేస్తే నీరు ఎటు పోతుందని చెబుతారు?

బొమ్మను నమ్మి మోసపోవడం మన ఒక్కరి సమస్య కాదు. నాసా మాగెల్లాన్ నౌక రాడార్‌తో శుక్రగ్రహాన్ని కొలిస్తే, మాట్ మాన్స్ అనే పర్వతం ఆకాశాన్ని చీల్చే శిఖరంలా ప్రపంచమంతటికీ కనిపించింది. ఆ ప్రసిద్ధ చిత్రంలో ఎత్తును 22.5 రెట్లు పెంచారు. ఆ సంగతి వివరణలో రాశారు, కానీ జనానికి బొమ్మే గుర్తుండిపోయింది. నాసాకే చెందిన డేవిడ్ మారిసన్ దీనికి నిరసనగా 'చదునైన శుక్రగ్రహ సంఘం' పెట్టాలని పిలుపునిచ్చాడు. తప్పు కొలతది కాదు, చూపించిన తీరుది.

వ్యాపారంలో చేరబోయే పిల్లలూ, మీరు నవ్వుకోకండి. తోతాపురి మామిడి కొనుగోళ్ల మీద జరిగిన ఒక సమావేశంలో త్రీడీ స్తంభాల పటం పెట్టారు. ముందు నిలబెట్టిన పొడుగాటి స్తంభాల వెనక, ధర పడిపోయిన ఏడాది పూర్తిగా దాక్కుంది. రైతు మునిగిన ఏడాది అది! అదే లెక్కను మామూలు పట్టికగా అడిగి తెప్పిస్తే గదిలో మాట మారింది. రెండు కొలతలు చాలే చోట మూడోది తగిలించడం అలంకారం కోసమే. దయచేసి ఆ పని చేయకండి.

మీ తరం చేతిలో ఫోను ఉంది, ఫోనులో ప్రపంచం తిరుగుతుంది. వేలితో తిప్పి, దగ్గరికి లాగి, "భలే ఉంది" అని పక్కన పెట్టేస్తారు. అట్లా కాదు నాయనా! అమ్మా, నీకూ చెబుతున్నా. కొలిచిన చోటు ఎక్కడ, ఎప్పుడు కొలిచారు, ఎవరు కొలిచారు అని అడగండి. ఎత్తును ఎన్ని రెట్లు పెంచారో అడగండి. జవాబు చెప్పలేని బొమ్మను అధికారి చూపించినా, గురువు చూపించినా, నాలాంటి ముఖ్య అతిథి చూపించినా ఒప్పుకోకండి.

రేపు మీరే బొమ్మలు చేస్తారు. కొలిచిన చుక్కల్ని పూత కింద దాచకండి. ఊహించిన భాగాన్ని పలచని రంగులో వేయండి, అది ఊహేనని బొమ్మ మీదే తెలుగులో రాయండి. టేపు పట్టుకుని ఒక్క బావినైనా స్వయంగా కొలవకుండా నీటి మీద నమూనా చేయకండి. ఇక్కడే కృష్ణాపురం జలాశయం ఉంది, కుశస్థలి నది ఉంది, పల్లెపల్లెకూ ఎండిన బోర్లున్నాయి. కొలవడానికి పని కరువు లేదు.

మీ బొమ్మ చూసి ఎవరో ఒకరు డబ్బు పెడతారు, ఇల్లు కడతారు, ఊరు ఖాళీ చేస్తారు. వాళ్ల ముందు నిలబడి, "ఇంతవరకు కొలిచాం, ఇక్కడి నుంచి ఊహించాం" అని చెప్పగలిగితే ఈ పట్టాకు మీరు తగినవాళ్లే. మీరు చెప్పగలరనే నమ్మకంతోనే వచ్చాను. చల్లగా ఉండండి, వృద్ధిలోకి రండి.