ఖాకీ దుస్తులు - చందా డబ్బా

డిసెంబరు 7వ తేదీ వచ్చినదంటే మీ ఇంటి గుమ్మంలోనో, మీరు ఎక్కిన బస్సులోనో ఖాకీ దుస్తులు తొడుగుకొన్న విద్యార్థులు చందా డబ్బాలతో కనిపిస్తారు. ఆనాడు సాయుధదళాల పతాకదినం. 1949 నుండి ఏటేటా జరుగుతున్నది. మీరు డబ్బాలో నాలుగు రూపాయలు వేస్తే ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు గల చిన్న కాగితపు జెండాను మీ చొక్కాకు గుచ్చుతారు. సైన్యానికి, నౌకాదళానికి, వైమానికదళానికి అవి గుర్తులు. వచ్చిన సొమ్ము యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు, అవయవాలు కోల్పోయిన జవాన్లకు, మాజీ సైనికులకు వినియోగమవుతుంది. అడగదగిన చందా. ఇవ్వదగిన చందా. ఇందులో ఎవరికీ సందేహం ఉండదు. నా సందేహమల్లా ఆ డబ్బా పట్టుకొన్న చేతికి ఖాకీ చొక్కా ఉండవలెనా అన్నదే. ముప్పై ఏళ్ల కిందట ఒక తోపుడు బండి ముందు అది నాకు కలిగినది.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఎన్.సి.సి.లో చేరి ఆరు నెలలైనది. ముందునాటి రాత్రి మా అమ్మ గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా, నేనే చింతపండుతో తోమి తళతళలాడించిన బెల్టు బిళ్ల, కాలికి పెద్ద బూట్లు. అద్దంలో నన్ను నేను చూసుకొని మురిసిపోయినాను. బస్సుస్టాండు దగ్గర జామకాయలు అమ్మే ఒక ముసలాయన ముందుకు పోయి డబ్బా చాపినాను. ఏమీ చెప్పలేదు, చెప్పబోతున్నాను. ఆయన గోనెపట్టా కింద చేయిపెట్టి అయిదు రూపాయల నోటు తీసి, నాలుగు మడతలు పెట్టి, డబ్బాలో వేసినాడు. నేను జెండా గుచ్చబోతే చేయి అడ్డం పెట్టినాడు.

"పొద్దున్నే ఒకాయనొచ్చి మామూలు పట్టుకెళ్లాడు బాబూ, మళ్లీ మీరా?" అన్నాడు.

ఇది మామూలు కాదు, చందా అన్నాను. జవాన్ల కుటుంబాలకన్నాను. ఆయన అన్నిటికీ తల ఊపినాడు గాని, నమ్మినట్లు తోచలేదు. పోనీ నోటు తిరిగి ఇచ్చివేద్దామంటే డబ్బాకు లక్కముద్ర ఉన్నది. మూతలోని చీలికలోంచి నోటు లాగడం నా తరం కాలేదు. ఆ సాయంత్రం బడిలో డబ్బాలు తెరిచి లెక్కపెట్టి, నా డబ్బాలోనే అందరికంటె ఎక్కువ వచ్చినదని మెచ్చుకొన్నారు. చప్పట్లు కొట్టినారు. ఆ అయిదు రూపాయలను చందా అని పిలవడానికి నాకు నేటికీ నోరు రాదు.

ఆ ముసలాయన అమాయకుడు కాడు. మన బజారులో ఖాకీ బట్టకు ఉన్న అర్థం ఆయనకు నాకంటె బాగా తెలుసు. ఆ బట్ట తొడిగినవాడు బండి తీయమంటే తీయవలె, కాగితాలు చూపమంటే చూపవలె, డబ్బు అడిగితే ఎందుకని అడగకుండా ఇవ్వవలె. మీసం రాని కుర్రవాడైనా సరే, ఆయన చూసినది నా ముఖం కాదు, నా చొక్కా.

అడగడానికి మనవారు ఏనాడో వేరే వేషాలు ఏర్పరచినారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున వచ్చే హరిదాసును తలచుకోండి. తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబురా. గుమ్మంలో నిలబడి కీర్తన పాడుతాడే గాని పెట్టమని నోటితో అడగడు. పెట్టినవారి ముందు వంగుతాడు, పాత్రలో బియ్యం పోయించుకొంటాడు. పెట్టనివారి గుమ్మం దాటి పోతాడు. జోలె పట్టడమన్న మాట మన నోళ్లలో నానినది కూడా అందుకే. 1952లో రాయలసీమ కరవుకు, 1977లో దివిసీమ ఉప్పెనకు మన సినిమా నటులు ఊరూరా తిరిగి విరాళాలు అడిగినారు. వెండితెరమీద రాజాధిరాజులుగా కనిపించినవారు వీథిలో చేయి చాపేటప్పుడు కిరీటం పెట్టుకొని రాలేదు.

సేన అని పేరు పెట్టుకొన్న సంస్థలకు కూడా ఈ సంగతి తోచకపోలేదు. 1921లో చీరాల పేరాలలో పన్నులను ఎదిరించిన ప్రజలకు నాయకుడైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు స్వచ్ఛంద సేవకులను చేరదీసి రామదండు అన్నారు. పేరు దండు, బట్టలు కావి, మెడలో రుద్రాక్షలు. అంతకు నలభై ఏళ్ల ముందు, 1882లో, సాల్వేషన్ ఆర్మీ మన దేశానికి వచ్చినది. ఇంగ్లండులో అది 1878లోనే ఆ పేరు పెట్టుకొని, ఏకరూప దుస్తులు, జనరల్, కెప్టెన్ వంటి హోదాలు ఏర్పరచుకొన్నది. దానిని బొంబాయికి తెచ్చిన ఫ్రెడరిక్ టక్కర్ సివిల్ సర్వీసు ఉద్యోగం వదులుకొన్నవాడు. తెల్ల దొర సైనికవేషంలో పల్లెకు పోతే ఏమవుతుందో కలెక్టరు కచేరీలో పనిచేసినవానికి వేరే చెప్పవలెనా? ఆయన కావి బట్ట కట్టి, చెప్పులు విడిచి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొన్నాడు. ఆ సంస్థవారు అమెరికాలో 1891 నుండి క్రిస్మస్ రోజుల్లో వీథిమూలన చందా పాత్ర వేలాడదీసి దుస్తులలోనే నిలబడుతున్నారు. అక్కడి బాటసారికి ఆ టోపీ వెనుక లాఠీ లేదని తెలుసు. టక్కర్‌కు ఎదురైన పల్లెవానికి తెలియదు. దుస్తులకు అర్థం ఇచ్చేది కుట్టినవాడు కాదు, చూసేవాడు.

ఏకరూప దుస్తులే వద్దని నేను అనడం లేదని మనవి. వరదలో తాడు పట్టుకొని నిలబడినవాడు ఎవరో జనానికి దూరం నుండే తెలియవలె. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్ల ఎవరి చేయి పట్టుకోవలెనో తెలియవలె. అక్కడ వినయం కంటె ఆజ్ఞ మేలు. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం దగ్గర పధ్నాలుగేళ్ల దుర్గాబాయి సేవకురాలిగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపివేసినది తెలుగువారికి తెలిసిన కథ. అది ద్వారపాలన, అక్కడ అధికారం ఉండవలసిందే. ఆ బాలికే అంతకు రెండేళ్ల ముందు, గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు ఆయన మాట వినవలెనని పట్టుబట్టినది. అందుకు అయిదు వేల రూపాయల నిధి కావలెనన్నారు. ఆమె చెప్పగా ఆ దేవదాసీలే పోగుచేసి ఇచ్చినారు. పన్నెండేళ్ల పిల్లను చూసి జడిసి ఇచ్చినారని ఎవరనగలరు? ఆపే పనికి ఒక వేషం, అడిగే పనికి ఒక వేషం.

ఈ మాట అన్నప్పుడల్లా నా మిత్రుడొకడు అడ్డు తగులుతాడు. అతడు మాజీ సైనికుని కుమారుడు. "దుస్తులు లేకపోతే ప్రతి దొంగా డబ్బా పట్టుకొని వస్తాడు. దుస్తులు ఉంటేనే నమ్మకం" అంటాడు. తీసివేయదగిన మాట కాదు. అయితే మిలిటరీ మచ్చల గుడ్డ నేడు ఏ బజారులోనైనా మీటర్ల లెక్కన దొరుకుతున్నది. ఆ ప్యాంట్లు తొడుక్కొని కూడలిలో కార్లు ఆపి డబ్బాలు ఆడించే యువకులను నేను చూసినాను. నిజమైన ఎన్.సి.సి. విద్యార్థికి ఆ దుస్తులు ధరించే హక్కు ఉన్నది. వీరికి ఏమున్నది? సైనికుడు కానివాడు సైనికుడనని నమ్మించే ఉద్దేశంతో ఆ వేషం ధరిస్తే మూడు నెలల వరకు జైలుశిక్ష అని భారతీయ న్యాయసంహిత 168వ సెక్షను చెబుతున్నది. 2024 జూలై వరకు అమలులో ఉన్న పాత శిక్షాస్మృతిలోనూ ఈ నిబంధన ఉన్నది. ప్రైవేటు కాపలాదారులు సైన్యం, పోలీసుల దుస్తులను పోలిన దుస్తులు ధరించరాదని 2005 నాటి చట్టం వేరే చెప్పినది. పగలంతా గేటు దగ్గర కూర్చొనేవానికే ఇంత కట్టడి ఉన్నప్పుడు, ఇంటింటికీ పోయి సొమ్ము అడిగేవానికి ఎంత ఉండవలె?

అసలు 168వ సెక్షను వేషధారి మనసులోని ఉద్దేశం చూస్తుంది. నా ఉద్దేశం ఆనాడు గంగిగోవు పాలవలె స్వచ్ఛమైనది. ముసలాయన అయిదు రూపాయలు మాత్రం పోయినవి. అందుకని నేను చట్టంమీద ఆధారపడను.

నన్నడిగితే, పతాకదినం నాడు ఉదయం విద్యార్థులు పూర్తి దుస్తులతో కవాతు చేయవచ్చు. అమరవీరుల స్థూపం వద్ద వందనం చేయవచ్చు. ఊరంతా చూడవచ్చు. ఆపైన ఇంటికి పోయి, బడికి పోయే మామూలు బట్టలు కట్టుకొని, మెడలో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు వేలాడదీసుకొని, లక్కముద్ర గల డబ్బాతో బయలుదేరవలె. రసీదు అడిగితే ఇవ్వవలె. తోపుడు బండివారిని, రోడ్డుపక్క బుట్టలవారిని అడగకుండా దాటిపోవడం మరీ మంచిది. వసూలు తగ్గుతుందని నా మిత్రుడంటాడు. తగ్గవచ్చు. తగ్గిన మేరకు అది భయపడి ఇచ్చిన సొమ్మని నేనంటాను. తన భర్త ఫలానా శిఖరంమీద పోరాడి మరణించినాడని చెప్పుకొనే ఇల్లాలికి ఆ సొమ్ము పంపడం ఆమెకు మర్యాదా?

ఇప్పుడు మా గుమ్మంలోకి పిల్లలు డబ్బాతో వస్తే నేను వెంటనే జేబులో చేయి పెట్టను. ఇది దేనికని అడుగుతాను. ఎరుపెందుకు, ముదురు నీలమెందుకు, లేత నీలమెందుకని అడుగుతాను. అన్నీ చెప్పిన తరువాతనే వేస్తాను. ఈయన ఒక్క ఇంటిలోనే పది నిమిషాలు పోయినవని వారు మెట్లు దిగుతూ విసుక్కోవడం నాకు వినిపిస్తూనే ఉంటుంది.