వానల అడవికి మూట కట్టే ముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ స్వర్ణోత్సవ ఏడాదిలో మన బడి పిల్లలను కర్ణాటకలోని ఆగుంబే అడవికి తీసుకెళ్లాలని సంఘం అనుకుంటోంది. ‘మాల్గుడి డేస్’ సీరియల్ తీసిన ఊరంటే మన తరానికి గుర్తొస్తుంది. పడమటి కనుమల్లోని ఆ ఊళ్లో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన వాయల్పాడులో అందులో పదో వంతు పడితే మంచి ఏడు అనుకుంటాం. మన ఎండకు కట్టే మూట అక్కడ పనికిరాదు.

వెళ్లాల్సింది జూలైలో కాదు, వానలు తగ్గాక నవంబరులో. అప్పుడూ తేమ పోదు. జీన్స్, మందపాటి నూలు బట్టలు తడిస్తే త్వరగా ఆరవు. పల్చని పాలిస్టర్ బట్టలు రెండు జతలు చాలు. ఒకటి నడకకు, ఒకటి రాత్రికి. రాత్రి జతను పాలిథిన్ కవర్లో కట్టి, పగలు ఎంత తడిసినా తీయకూడదు. జలగలు ఎక్కకుండా మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు మన దర్జీలే కుట్టగలరు. రాచనాగులు తిరిగే అడవి అది. చీకటి పడితే టార్చిలైటు లేకుండా అడుగు వేయకూడదు. ఉబ్బసం ఉన్న బిడ్డ ఇన్‌హేలర్ ఆ బిడ్డ జేబులోనే ఉండాలి, బస్సులోని బ్యాగులో కాదు.

నా మనవి ఒక్కటే. ఈ జాబితా ఇళ్లకు పంపితే, కూలికి పోయే తల్లిదండ్రులు “మా బిడ్డ రాడులే సార్” అంటారు. రెయిన్‌కోటు లేక ఏ బిడ్డా ఆగిపోకూడదు. జాబితా మనకివ్వండి. సామాను సంఘమే కొని బడిలో ఒక పెట్టెలో ఉంచుదాం. ఏటా ఒక తరగతి వాడుకుని, ఆరబెట్టి, తిరిగి పెడుతుంది.

మొదటి పది రెయిన్‌కోట్లు నావి. సెలవు.