ఇల్లెవరు చూస్తారని మగ సర్జన్‌ను అడిగామా?



శస్త్రవైద్యంలో ఉద్యోగతృప్తి గురించి మన సభల్లో ఎప్పుడు మాట వచ్చినా ఒకటే ప్రశ్న వినబడుతుంది: ఆడ సర్జన్ ఇంటినీ థియేటర్‌నీ ఎలా నెట్టుకొస్తుంది? ఆ ప్రశ్నలోనే పొరపాటు ఉందని నా వాదన. మగ సర్జన్‌ను మనం అలా అడగం. అతని ఇల్లు ఇంకెవరో చూసుకుంటున్నారని ముందే అనేసుకుంటాం. మన శిక్షణ పద్ధతి కూడా ఆ నమ్మకం మీదే లేచింది. 1889లో తెరిచిన జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో సర్జన్ హాల్‌స్టెడ్ ఆ పద్ధతికి రూపమిచ్చినప్పుడు రెసిడెంట్ అంటే అక్షరాలా ఆస్పత్రిలో కాపురముండేవాడే. 

2011లో వెలువడిన ఒక అమెరికన్ సర్వే చూడండి. దాదాపు 7,800 మంది సర్జన్లు జవాబిచ్చారు. పనిగంటల్లోగానీ రాత్రి కాల్స్‌లోగానీ ఆడా మగా తేడా లేదు. అయినా గడిచిన మూడు వారాల్లో ఇంటికీ పనికీ పొత్తు కుదరలేదన్నవాళ్ళు ఆడవాళ్ళలో 62 శాతం. మగవాళ్ళలోనూ సగానికి దగ్గరే, అది మరిచిపోకండి. పిల్లల పెంపకం వల్ల ఎదుగుదల మందగించిందన్నవాళ్ళు మాత్రం ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 20 శాతం. గంటలు సమానమైనప్పుడు ఈ తేడా ఎక్కడిది? కొంత ఇంటి నుంచి, కొంత మన నుంచి. 2019లో వెలువడిన మరో సర్వేలో అక్కడి సర్జరీ రెసిడెంట్లు ఏడువేల మందికి పైగా చెప్పినదాన్ని బట్టి ఆడవాళ్ళలో అలసట, విసుగు ఎక్కువ. కానీ వివక్ష, వేధింపు, తిట్లు ఎంత ఎదురయ్యాయో లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా మాయమైంది. అంటే లోపం స్వభావంలో లేదు, వార్డులో ఉంది. థియేటర్‌లోనూ ఉంది: ఆరున్నర సైజు గ్లౌజు వేసుకునే చేతికి లాపరోస్కోపీ స్టేప్లర్ పిడి సరిగా అందదు, టేబుల్ ఎత్తు పొడుగాటి చీఫ్‌కు తగ్గట్టు ఉంటుంది, అసిస్ట్ చేసే అమ్మాయి స్టూలెక్కి నిలబడుతుంది.

ఇక పనిగంటల సంగతి. గడియారం చూసుకుంటూ కత్తి పడితే చేయి తిరగదని పెద్దలంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 117 అమెరికన్ శిక్షణ కేంద్రాల్లో జరిపి 2016లో ఫలితాలు వెలువరించిన ప్రయోగంలో, రెసిడెంట్ల షిఫ్టు నియమాలు సడలించినందువల్ల రోగులకు కీడేమీ జరగలేదు. అయితే కుటుంబానికీ విశ్రాంతికీ సమయం చిక్కడం లేదన్నది ఆ సడలింపు పొందిన రెసిడెంట్లే. కాబట్టి గంటలు కుదిస్తే చాలునని నేననను. ఎవరి గంటలు, ఎవరి చేతుల్లో అన్నదే అడుగుతున్నాను. ఇంటి ధ్యాస ఉన్న చేతిలో రోగి క్షేమమేనా అన్న అనుమానానికి కెనడాలోని ఒంటారియో లెక్కలు 2017లోనే జవాబిచ్చాయి: ఆడ సర్జన్లు ఆపరేషన్ చేసినవాళ్ళలో 30 రోజుల లోపు మరణాలు కొద్దిగా తక్కువే. దాన్నిబట్టి ఆడవాళ్ళే మేలని చాటడం తొందరపాటు. తక్కువ కాదని చెప్పడానికి మాత్రం అది చాలు.

ఇక మన దగ్గర గంటల మాటకొస్తే, రెసిడెంట్లకు ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని మన కేంద్ర ఆరోగ్యశాఖ 1992లోనే చెప్పింది. రేపు తిరిగి వెళ్ళాక మీ యూనిట్ గోడ మీద అంటించిన డ్యూటీ చార్టు ముందు ఒక్క నిమిషం నిలబడి ఆ గంటలు కూడి చూడండి.