బదులు అడగని కృతజ్ఞత



ఒక ఉపాధ్యాయుడి పేరున ఆయన శిష్యులు ఈ ఉపన్యాసం పెట్టించారు. ఆయన లేరు. ఇప్పుడు ఎవరికీ మార్కులు వెయ్యలేరు, ఉద్యోగానికి సిఫారసు చెయ్యలేరు. అయినా జనగామలో ఇంతమంది వచ్చి కూర్చున్నారు. అందుకే లాభం చూసుకోని కృతజ్ఞత గురించి మాట్లాడదామనుకున్నాను.

ఈ మధ్య కృతజ్ఞతను మందులా రాసిస్తున్నారు. తమకు దక్కిన మేళ్ళను వారం వారం రాసుకున్నవాళ్ళు, చికాకులు రాసుకున్నవాళ్ళకన్నా బతుకు మీద తృప్తిగా ఉన్నారని 2003లో ఎమ్మన్స్, మెకల్లో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. పరిశోధన మంచిదే. కానీ నిద్ర పట్టడం కోసం అమ్మను తలచుకుంటే, తలచుకున్నది అమ్మనా, నిద్రనా?

ఈ ప్రశ్నకు జవాబు భాగవతం ఏడో స్కంధంలో ఉంది. తెలుగు చేసిన పోతన మన బమ్మెరవాడేనని మనమంటాం, ఒంటిమిట్టవాడని కడపవాళ్ళంటారు. ఆ తగువు ఇవాళ వద్దు. హిరణ్యకశిపుడు చచ్చాక నరసింహుడు అతని కొడుకు ప్రహ్లాదుణ్ణి వరం కోరుకోమంటాడు. నిప్పుల్లోంచి, ఏనుగుల కాళ్ళ కిందినుంచి బయటపడ్డ పిల్లవాడు. అడగడానికి అతనికున్నంత హక్కు ఇంకెవరికుంది? ప్రహ్లాదుడు అడగడు. ఏదో ఆశించి కొలిచేవాడు సేవకుడు కాడు, వర్తకుడని అంటాడు. కోరికే మొలవకుండా చెయ్యమంటాడు. చివరికి ఒక్కటి అడుగుతాడు, అదీ తనను చంపబోయిన తండ్రి పాపం పోవాలని. పోతన కూడా తన గ్రంథాన్ని రాముడికే అంకితమిచ్చాడు. రాముడు అగ్రహారాలు రాసివ్వడు మరి.

మరి సమ్మక్క, సారలమ్మల మేడారం జాతరలో చెల్లించే మొక్కుల మాటేమిటని మీరడగవచ్చు. రెండేళ్ళకోసారి అక్కడ నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం, తూచి ఇస్తారు. కోరిక తీరితే ఇస్తామన్నది ఇచ్చెయ్యడం. ఆ మాట నిలుపుకోవడాన్ని నేను తక్కువ చెయ్యను, అయితే అది బాకీ తీర్చడం. కోరిక తీరనివాళ్ళు కూడా వచ్చే జాతరకు మళ్ళీ బయలుదేరతారు చూడండి, అక్కడ లెక్క తప్పుతుంది. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పూజారులు సమ్మక్క భర్త పగిడిద్దరాజును తీసుకుని అడవిదారిన నడిచి వస్తారు. కథ ప్రకారం ఆయన, సమ్మక్క, సారలమ్మ కాకతీయ సైన్యం చేతిలో ఓడినవాళ్ళు. ఆ యుద్ధంలో ఏమీ గెలిచి ఇవ్వలేదు. తమ కోసం నిలబడ్డారు, అంతే. జనానికి అది చాలింది.

ఒక పేచీ మాత్రం దాటెయ్యకూడదు. ఈ గడ్డ మీద కృతజ్ఞతను కొరడాలా వాడినవాళ్ళున్నారు. 'మా ఉప్పు తిన్నావు' అని వెట్టి చేయించుకున్న దొరల కాలం మరీ పాతది కాదు. అడిగి గుంజుకునే విశ్వాసం మరో పన్ను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఆ పన్ను కట్టనన్నది. విసునూరు దేశముఖ్ మనుషులు కోతకొచ్చిన ఆమె పంట మీద పడితే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ళు అడ్డం నిలబడి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. నాయకుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మూటలు మోసినవాళ్ళలో చాలామందివి లేవు. వాళ్ళకు కృతజ్ఞత ఎక్కడని చెప్పుకుంటాం? పాలకుర్తి బస్సులో మన పక్క సీటు మనిషి తాత వాళ్ళలో ఒకడు కావచ్చు.