పొగడ్తల్లో గొంతు వినపడదు

మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం. కళల గురించి రాసేవాళ్లకు సొంత గొంతు ఎట్లా వస్తుందో ఈ సమావేశంలో మాట్లాడమన్నారు. మా వైపు జరిగే బారతాన్నే పట్టుకుని చెప్తాను.

చిత్తూరు, పలమనేరు చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర రోజుల తరబడి మహాభారతం నడుస్తుంది; మేం బారతం అనేది దాన్నే. పగలు హరికథ, రాత్రి నాటకం. దీని మీద వచ్చే వ్యాసాలు చూడండి: ‘సంస్కృతికి దర్పణం’, ‘అంతరించిపోతున్న అపురూప కళ’. బారతం పేరు తీసేసి తోలుబొమ్మలాట అని పెట్టినా ఆ వాక్యాలు చెల్లిపోతాయి. రాసినాయన అక్కడ కూర్చుని చూసిన ఆనవాలే ఉండదు.

చూసినవాళ్లకు రాయడానికి అర్జునుడి తపస్సు ఘట్టం, తపసుమాను, ఒక్కటి చాలు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ నిలువెత్తు మానెక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో వరపడి, అంటే వరం కోరుతూ నేలమీద సాగిలపడి ఉంటారు. ఆయన విసిరే నిమ్మకాయ తమకు దక్కాలని వాళ్ల ఆశ. ఆ పూట ఆయన నటుడా, దేవుడా? పద్యం శ్రుతి తప్పితే రాయాలా, వద్దా? రాయాల్సిందే అంటాను నేను. భక్తి ఉంది కదా అని పాట సంగతి వదిలేస్తే, ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషికి అన్యాయం చేసినట్టే. మీరు కాదనొచ్చు. కారణం చెప్పి కాదంటే, అక్కడ మీ గొంతు వినపడుతుంది.

యాస పెడితే గొంతు వచ్చేస్తుందని కొందరి నమ్మకం. నామిని యాసలో రాసిన ‘పచ్చనాకు సాక్షిగా’ కథలు చదివి ‘యాడికి’, ‘ఎట్ల’ అని రాసేస్తారు. నామిని బలం తనవాళ్లను చూసే చూపులో ఉంది; ఆ చూపు అరువుకు దొరకదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిది పండితుల భాష. అయినా 1928లో అనంతపురంలో వేమన మీద ఉపన్యాసాలిచ్చినప్పుడు మెచ్చినచోట మెచ్చారు, ఒప్పనిచోట ఒప్పలేదు. అందుకే అది రాళ్లపల్లివారి వేమన.

ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక రాత్రి బారతం చూడండి. ‘అద్భుతం’ అనే మాట లేకుండా ఒక పేజీ రాయండి. ఏ పద్యం నిలిచింది, ఏది సాగింది, ఎందుకు అన్నది చెప్పండి. వేషం కట్టినాయన చదివితే మీతో వాదనకు దిగాలి. అట్లాంటి వ్యాసాలు రాసి, వచ్చే సమావేశాల్లో చదవండి.